భుజకీర్తులకు పసుపు

మా అంకుల్ పోయారన్న వార్త నాకు బస్సులో తెలిసింది. నేవన్ నుంచి డబ్లిన్ వెళ్లే పొద్దుటి బస్సు, పై అంతస్తు, ఆవిరి పట్టిన అద్దానికి ఆనించిన తల. ఆ భంగిమలో నేను రోజూ సగం నిద్ర పూర్తి చేస్తుంటాను. ఫోన్‌లో ఆంటీ పేరు కనబడింది. ఆంటీ పొద్దున్నే ఫోన్ చేసిందంటే సాయంత్రానికి పులిహోర ఉన్నట్టు. ఆ ఆశతోనే ఎత్తాను.

"ఒరేయ్, మీ అంకుల్ లేర్రా," అంది.

"పొద్దుగాలనే యాడికి పోయిన్రు ఆంటీ?" అన్నాను.

కాసేపు ఇద్దరం బస్సు చప్పుడు విన్నాం. తెలుగులో ‘లేరు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి, ‘పోయారు’ అన్నదానికీ రెండర్థాలున్నాయి. నాలాంటి వెటకారపు మనిషికి ఆ రెండూ ఒకే ఫోన్ కాల్‌లో దొరకకూడదు. దొరికాయి. తర్వాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం వానలో నిలబడ్డాను.

ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు. గుండె. అది శుక్రవారం. ఆదివారం మధ్యాహ్నం మా సంస్థ హాల్లో, అందరి ముందూ, ఆయన భుజం మీదికి బంగారు గీత ఎక్కాల్సి ఉంది. దానికోసం ఆయన నాకు పరిచయమైనప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారు. ఆంటీని అడిగితే పెళ్లయినప్పటి నుంచీ అంటుంది.

అంకుల్ నాకు చుట్టం కాదు. నేను అద్దెకున్న గదికి రెండిళ్ల అవతల ఆయన ఇల్లు. సిటీవెస్ట్‌లో ఏదో కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. వారాంతాల్లో ఒక స్వచ్ఛంద ప్రథమ చికిత్స సంస్థలో సేవ. ఫుట్‌బాల్ మ్యాచ్, గుర్రాల పోటీ, ఊరి జాతర, ఎక్కడ జనం పోగైతే అక్కడ ఒక అంబులెన్సు, నాలుగు సంచులు వేసుకుని నిలబడటం మా పని. జీతం లేదు. దానికి బదులు హోదాలున్నాయి. కొత్తవాడి భుజం మీద ఖాళీ నల్ల గుడ్డ తొడుగు. తర్వాత దాని మీద ఒక తెల్ల చార, ఆ తర్వాత రెండు, మూడు. ఆ పైన చారలు పోయి బంగారు దారంతో కుట్టిన అడ్డగీత వస్తుంది. అక్కణ్ణుంచి ఆఫీసరు. అంకుల్ మూడు చారల దగ్గర చాలా ఏళ్లుగా స్థిరపడి ఉన్నారు.

నన్ను ఇందులోకి లాగింది ఉగాది పచ్చడి. మా తెలుగువాళ్ల ఉగాది ఏదో స్కూలు హాల్లో జరుగుతుంటే, ఒక పెద్దాయన గొంతులో మామిడి ముక్క అడ్డుపడింది. అందరూ ఆయన చుట్టూ చేరి "నీళ్లు తాగండి, నీళ్లు తాగండి" అంటున్నారు. అంకుల్ వచ్చి, "జరగండి, నీళ్లు కాదు," అని ఆయన్ని ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచారు. షడ్రుచుల్లో ఒకటి బయటికొచ్చి నా బూటు మీద పడింది. నేను అప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. అంకుల్ నా వంక చూశారు.

"ఫోన్ పట్టుకున్న చెయ్యి ఖాళీ చెయ్యి కిందే లెక్కరా అబ్బాయ్. మంగళవారం సాయంత్రం హాలుకి రా."

"యూనిఫాం ఇస్తరా అంకుల్?"

"ఇస్తారు."

"గట్లయితే వస్త."

యూనిఫాంలో ఫోటో దిగితే సంబంధాలు చూసే మా అమ్మకు పని సులువవుతుందని నా ఆలోచన. అది ఫలించలేదు. ఫోటో చూసిన ఒక సంబంధం వాళ్లు సెక్యూరిటీ గార్డు వద్దన్నారట. అంకుల్‌కి ఈ సంగతి చెబితే వారమంతా నవ్వారు. తర్వాత గంభీరంగా, "మన భుజం మీద ఏముందో చూడకుండా మాట్లాడేవాళ్లతో వియ్యమొద్దులే," అన్నారు.

భుజం మీద ఏముందన్నది ఆయనకు చాలా పెద్ద విషయం. ఈ గుడ్డ తొడుగుల్ని మిగతా అందరూ స్లైడ్స్ అంటారు. ఆయన మాత్రం భుజకీర్తులు అనేవారు. పటాల్లో దేవుళ్లకీ రాజులకీ భుజాల మీద మెరుస్తుంటాయే, అవి. మొదటిసారి విన్నప్పుడు పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. హాల్లో అందరికీ ఆ మాట నేర్పించారు. మా సూపరింటెండెంట్ మీత్ జిల్లా ఆవిడ, ఇంట్లో గొడ్లున్న మనిషి, బూట్లకు ఎప్పుడూ మట్టి ఉంటుంది. ఆవిడకి అంత పొడుగు మాట నోరు తిరక్క ‘బూజా’ దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు మా యూనిట్ మొత్తానికి అవి బూజాలే. డ్యూటీకి బయల్దేరే ముందు ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "అందరికీ బూజాలున్నాయా?" అని అరుస్తుంది. ఐర్లాండులో ఒక ప్రథమ చికిత్స బృందం మొత్తం భుజాల మీద బూజు ఉందో లేదో తడిమి చూసుకుంటుంది. ఆ దృశ్యానికి నేను తప్ప నవ్వేవాళ్లు లేరు. అంకుల్ వైపు చూస్తే, ఆయన మీసం కింద ఏదో జరుగుతుండేది కానీ పైకి తెలిసేది కాదు.

ఇంకో అలవాటు. భుజకీర్తులు తొడుక్కున్నాక ఆయన నన్ను ‘మీరు’ అనేవారు. "వాలంటీర్ గారూ, ఆ దుప్పటి ఇలా అందిస్తారా?" డ్యూటీ అయ్యాక కారెక్కి, వాటిని ఊడదీసి, డాష్‌బోర్డు మీద జాగ్రత్తగా పెట్టిన మరుక్షణం, "ఏరా దున్నపోతా, తడి బూట్లతో ఎక్కుతావేంట్రా!" నాకు రెండో చార వచ్చిన రోజున కారెక్కాక కూడా ఒక పావుగంట ‘మీరు’ అన్నారు. అది ఆయన దృష్టిలో సన్మానం.

"ఎందుకంకుల్ ఈ గుడ్డముక్కలంటే గింత పిచ్చి?" అని ఒకసారి అడిగాను. మైదానం పక్కన మడత కుర్చీల్లో కూర్చున్నాం. పిల్లల మ్యాచ్. వాన ఒక పక్క నుంచి పడుతోంది, అందుకని ఇద్దరం ఒకే పక్క తడుస్తున్నాం.

"ఆఫీసులో హోదా ఈమెయిల్లో వస్తుందిరా," అన్నారు. "ఈమెయిల్లోనే పోతుంది. మా మేనేజరు మా అమ్మాయి కంటే చిన్నోడు. ఇదైతే ఓ మనిషొచ్చి, నా ఎదురుగా నిలబడి, చేత్తో పెడతారు. అదీ తేడా."

అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు. సాయంత్రం సామాను సర్దుతుంటే నేను, "రోజంతా వేస్ట్ అంకుల్, ఒక్క ముక్కు కూడ పగల్లే," అన్నాను.

"ఎవరికీ ఏమీ కాకపోవడమే మన జీతం. ఇవాళ ఫుల్లు జీతం. ఎత్తు సంచి."

ఆ జీతం మోసీ మోసీ నా భుజాలు ఎంత నొప్పిపెట్టేవో చెప్పలేను. వారంలో ఐదు రోజులు నేవన్ నుంచి లెపర్డ్స్‌టౌన్‌లో మా ఆఫీసు దాకా బస్సు, లూవాస్ రైలు, మళ్లీ లూవాస్, మళ్లీ బస్సు. మిగిలిన రెండు రోజులు తడి గడ్డి. ఆయనకు నాకంటే రెట్టింపు వయసు. ఆయనా అలసిపోయేవారు. కారు స్టార్ట్ చేసే ముందు స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండేవారు. నేను ధ్యానం అని వేళాకోళం చేసేవాణ్ణి. అది గుండె అని ఇద్దరికీ తట్టలేదు. తట్టి ఉండాల్సింది. ఇద్దరికీ సర్టిఫికెట్లున్నాయి.

నాకు రెండో చార వచ్చిన ఏడాది దసరాకి ఆయన అంబులెన్సుకు ఆయుధపూజ చేయాలన్నారు. సూపరింటెండెంట్ భుజాలెగరేసి, "గ్రాండ్" అంది. ఇక్కడ ‘సరే’ అనడానికి అదే మాట. బూడిద గుమ్మడికాయ దొరకలేదు గానీ, అవి హాలోవీన్ రోజులు, ప్రతి దుకాణం ముందూ కాషాయం గుమ్మడికాయలు గుట్టలుగా ఉన్నాయి. ఆంటీ అన్నింటికంటే పెద్దది తెచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండికి బొట్లు పెట్టి, అంకుల్ గుమ్మడికాయ పగలగొట్టారు. గుజ్జంతా హాలు గుమ్మం ముందు పరుచుకుంది. సూపరింటెండెంట్ ఆ గుజ్జు వంక, మా బూట్ల వంక చూసి, ప్రథమ చికిత్స సంస్థ గుమ్మంలోనే జనం జారిపడితే పేపర్లో ఎలా ఉంటుందో ఆలోచించమంది. మూడు చారల అంకుల్ మాప్ పట్టుకుని తుడిచారు. రెండు చారల నేను బకెట్ పట్టుకున్నాను.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. బండితో పాటు ఆయన తన భుజకీర్తులకు కూడా పసుపు రాశారు. ఆయుధమే కదా మరి. తడి పసుపు, తెల్ల చారలు. తర్వాత ఆంటీ సబ్బుతో ఉతికింది, నిమ్మరసం పూసింది, ఎండలో ఆరేసింది. అంటే మా ఊళ్లో ఎండ వచ్చిన ఆ ఒక్క మధ్యాహ్నం ఆరేసింది. బ్లీచ్ వేస్తే నల్ల గుడ్డ గోధుమ రంగుకొచ్చింది కానీ పసుపు మాత్రం కదల్లేదు. కొత్తవి తీసుకోమని స్టోర్సులో అన్నారు. "పూజ చేసినవాటిని పారేస్తామా?" అని ఆయన వాటినే తొడుక్కున్నారు.

దాంతో ఒక తమాషా జరిగింది. దూరం నుంచి చూస్తే ఆయన చారలు బంగారు రంగులో మెరిసేవి. ఒక పెద్ద మ్యాచ్‌కి వచ్చిన గార్డు, అంటే పోలీసాయన, నేరుగా అంకుల్ దగ్గరికొచ్చి, సెల్యూట్ లాంటిదొకటి చేసి, "ఆఫీసర్, మీవాళ్లని ఎక్కడ నిలబెడుతున్నారు?" అన్నాడు. జీవితమంతా ఎదురుచూసిన పిలుపు. నేను పక్కనే ఉన్నాను. అంకుల్ ఛాతీ కాస్త పెరగడం చూశాను. తర్వాత అది మెల్లగా దిగడం కూడా చూశాను.

"నేను ఆఫీసర్ని కానండీ. ఇది బంగారు రంగు కాదు, టర్మరిక్," అన్నారు.

గార్డు ఆ చారల్ని కొంచెం సేపు చూశాడు. "గ్రాండ్," అన్నాడు.

అతను వెళ్లాక నేను గొంతు తగ్గించి, "ఊకుంటే అయిపోతుండె గదంకుల్, ఎవడడుగుతడు?" అన్నాను.

"వాలంటీర్ గారూ," అన్నారు ఆయన. "మీరు సంచి దగ్గర ఉండండి." యూనిఫాంలో ఆయన తిట్టగలిగిన ఘోరమైన తిట్టు అదే.

చివరికి ఈ ఏడాది నిజమైన బంగారు గీత మంజూరైంది. వేడుకకు నాలుగు రోజుల ముందు సూపరింటెండెంట్ ప్యాకెట్ ఆయన చేతికిచ్చింది, చొక్కా భుజాలకు సరిపోతాయో లేదో ఇంటి దగ్గర చూసుకోమని. మర్నాడు నేను టీకి వెళ్తే, ఆ ప్యాకెట్ దేవుడి ప్రెస్‌లో ఉంది. ఇక్కడ అలమరాని ప్రెస్ అంటారు. వంటింటి ప్రెస్‌లలో ఒకదాన్ని ఆంటీ దేవుడి గది చేసుకుంది. వినాయకుడి కాళ్ల దగ్గర, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, బంగారు గీతలు.

"ఒక్కసారి ఏస్కోండ్రి అంకుల్. ఫోటో తీస్త."

"వద్దు."

"అద్దం ముందల నిలబడన్న చూస్కోండ్రి."

"నేనూ అదే చెప్పాను," అంది ఆంటీ పొయ్యి దగ్గర్నుంచి. "సరిపోతాయో లేదో చూడమని ఆవిడ ఇచ్చింది, ఈయన చూస్తేగా! బిగుతైతే ఆదివారం అందరి ముందూ అవస్థ పడాలి."

"పడతాలే," అన్నారు అంకుల్. "పెట్టించుకునేదే గానీ, పెట్టుకునేది కాదే అది."

ఆయన నాకు వదిలి వెళ్లిన మాటల్లో ఇదే చివరిది.

శనివారం ఆయన్ని ఫ్యూనరల్ హోమ్‌లో ఉంచారు. యూనిఫాంలోనే పంపాలని ఇంట్లో అనుకున్నారు. దహనానికి లోహమేదీ వెళ్లకూడదని అక్కడివాళ్లు చెప్పారు. టోపీ మీది బిళ్ల, బెల్టు బకిల్, రొమ్ము మీది పేరు పలక, ఆయన ప్రతి శనివారం బ్రాస్సోతో తోమిన ప్రతి వస్తువూ తీసి ఆంటీ చేతిలో పెట్టారు. మిగిలింది గుడ్డ. గుడ్డ మీద మూడు చారలు, పసుపు పచ్చగా.

ఆంటీ చేతిసంచిలోంచి ఆ ప్యాకెట్ తీసింది. "ఒరేయ్, ఇవి ఆవిణ్ణి పెట్టమని అడుగు," అంది.

సూపరింటెండెంట్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు బూట్లకు మట్టి లేదు. నేను అడిగాను. ఆవిడ నన్ను పక్కకు తీసుకెళ్లి నిబంధన చెప్పింది. హోదా మొదలయ్యేది వేడుకలో అది భుజానికెక్కాకే. చనిపోయినవాళ్లకు ఇవ్వాలంటే పైనుంచి బోర్డు అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. పొద్దుట్నుంచీ ఫోన్లు చేస్తూనే ఉందట, శనివారం కదా, ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మొహం చూస్తే అబద్ధమనిపించలేదు. రాత్రంతా ఏదో ఆవు ఈనితే మేలుకున్న మొహం లాగా ఉంది.

తిరిగొచ్చి ఆంటీకి చెప్పాను. ఆంటీ ఏడవలేదు, గొడవ పడలేదు. "సరే," అని ప్యాకెట్ మళ్లీ సంచిలో పెట్టబోయింది. వాళ్లమ్మాయి పక్కనే ఉంది. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని, మనమే పెట్టేద్దాం, ఎవరికి తెలుస్తుంది అంది.

"మనం పెట్టకూడదే," అంది ఆంటీ. "ఆయన ఒప్పుకోరు. పెట్టించుకునేదే గానీ పెట్టుకునేది కాదన్నారు కదా."

సూపరింటెండెంట్‌కి ఏం వినబడిందో గానీ, ఆంటీ ఏమంది అని నన్నడిగింది. నేను నోరు తెరిచాను. మాస్టర్స్ డిగ్రీ ఉంది, రోజంతా ఇంగ్లీషులోనే బతుకుతాను, ‘పెట్టించుకోవడం’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషు దొరకలేదు. పెట్టుకోవడం అంటే తనంతట తను. పెట్టించుకోవడం అంటే, అర్హత ఉన్న ఇంకో మనిషి వచ్చి పెట్టేదాకా ఎదురుగా నిలబడి ఉండటం. తల కొంచెం వంచి. చేతులు కట్టుకోకుండా. ఇలా ఏదో తంటాలు పడి చెప్పాను. అద్దం ముందు కూడా పెట్టుకోలేదని చెప్పాను. ప్యాకెట్ విప్పలేదని చెప్పాను. గార్డు ఆఫీసరన్నప్పుడు కాదన్నారని కూడా, ఎవరూ అడగకపోయినా, చెప్పాను.

ఆవిడ ఆంటీ చేతిలోంచి ప్యాకెట్ తీసుకుంది. తర్వాత గుమ్మం బయటికి తల పెట్టి, వానలో గొడుగుల కింద నిలబడ్డ మావాళ్లందరినీ లోపలికి రమ్మంది.

"బోర్డుకి ఏదైనా చెప్పాలనుంటే నాకు ఉత్తరం రాయమను," అంది నాతో. తర్వాత అందరితో, "బూజాలు సరిచూసుకోండి."

ఒక్కసారిగా అందరి చేతులూ భుజాలు తడుముకున్నాయి. మీరు నమ్మరు గానీ నాకు నవ్వొచ్చింది. మీసం కింద ఏదైనా జరుగుతోందా అని అలవాటు కొద్దీ ఆయన వంక చూశాను.

గది చిన్నది. అందరం తెల్ల చేతితొడుగులతో గోడల వారగా అటెన్షన్‌లో నిలబడ్డాం. నిలబడాల్సిన మనిషి ఒక్కడే పడుకుని ఉన్నాడు. ఆవిడ ఆయన పూర్తి పేరూ, కొత్త హోదా బిగ్గరగా చదివింది. పేరులో ఒక్క అక్షరం తప్పుపోలేదు. వంగి పాత భుజకీర్తులు తీసింది. కొత్తవి కాస్త బిగుతుగానే ఉన్నాయి. ఆవిడ తొందరపడకుండా, గుడ్డ నలక్కుండా, ఒక్కోటీ చివరిదాకా లాగింది. వెనక్కి అడుగేసి సెల్యూట్ చేసింది.

"ఆగండి," అంది ఆంటీ. "కొత్తవి. పసుపు పెట్టకుండా ఎలా?"

సంచిలోంచి చిన్న భరిణె తీసింది. వెనకనుంచి ఎవరో పెద్దావిడ, "ఇప్పుడు నువ్వు పసుపు ముట్టుకోవడం..." అని ఆగింది.

"నాకు కాదు పిన్నిగారూ, వాటికి," అంది ఆంటీ. అనేసి బొటనవేలు ముంచి, బంగారు గీత మీద అద్దింది. చూసింది. మళ్లీ అద్దింది. బంగారు దారం మీద పసుపు ఎలా కనబడుతుంది? ఇంకా గట్టిగా రాసింది. రాస్తూనే ఉంది.

"అంటట్లేదేంట్రా?"

"అంటింది ఆంటీ," అన్నాను.

ఇంకో రోజైతే ఆ రెండు మాటల మీద వారం పాటు బతికేవాణ్ణి. ఆయన కూడా కారెక్కాక, భుజకీర్తులు విప్పాక, నవ్వేవారు.

తర్వాత అందరూ ఇక్కడి పద్ధతిలో వరసగా వచ్చి ఆంటీ చెయ్యి పట్టుకుని, మీ కష్టానికి మా విచారం అని ఒక్కో మాట చెప్పి కదిలారు. ఆంటీ భరిణె మూయడం మర్చిపోయింది, చెయ్యి తుడుచుకోవడమూ మర్చిపోయింది. పెట్టె బయటికి వస్తుంటే మేం రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డాం. వాన ఆగలేదు. సూపరింటెండెంట్ కేక వేయగానే సెల్యూట్‌కి చేతులన్నీ ఒకేసారి లేచాయి. అప్పుడు చూశాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎత్తిన తెల్ల చేతితొడుగులు, ఒక్కోదాని మీద పచ్చగా, వానకు తడుస్తూ, కదలకుండా, ఆంటీ వేలిముద్ర.